పెంపకానికిచ్చిన కూజా

పళ్ళ డాక్టరుగారింట్లో మనుషులు ఇద్దరే. టీ కప్పులు మాత్రం ఊరేగింపుకి సరిపడా ఉన్నాయి. గోడబల్ల మీద కప్పులు, అలమారలో కప్పులు, అలమార మీద కప్పులు, చోటు చాలక మంచం కింద అట్టపెట్టెలో పాత దుప్పటి కప్పుకుని పడుకున్న కప్పులు. "ఇంటికి ఒక్క కప్పు చాలదటండీ?" అని ఇల్లాలు తలెత్తి పైకి చూపించి అడిగితే, "ఆ కప్పు వానని ఆపుతుంది, ఈ కప్పు దాహాన్ని ఆపుతుంది. దేని డ్యూటీ దానిది. డ్యూటీలో కూడా టీ ఉంది చూశావా?" అనేవాడు. ఆవిడ చూసేది. ఆ ఇంట్లో టీ లేని చోటు చూడటమే కష్టం.

కొత్త కప్పు కొన్న రోజు మాత్రం ఆయన ఇలా వాదించేవాడు కాదు. పొద్దున్నించీ సాయంత్రం దాకా ఊళ్ళోవాళ్ళందరినీ "నోరు తెరవండి" అని గదమాయించే మనిషి, ఆ పూట తన నోరు తెరిచేవాడు కాదు. క్లినిక్కులో పళ్ళ అచ్చులు పెట్టుకునే డబ్బాలో దూది పరిచి, దూదిలో కప్పు పెట్టి, కప్పు మీద ఎవరివో కట్టుడు పళ్ళు పెట్టి ఇంట్లోకి తెచ్చేవాడు. కట్టుడు పళ్ళు ఇకిలిస్తూ కనిపించాక ఏ ఇల్లాలు డబ్బా అడుగుకి చెయ్యి పోనిస్తుంది? కప్పులు కొనడం ఒక కళ అయితే, కప్పిపుచ్చడం అంతకన్నా పెద్ద కళ.

కప్పుల యావ ఒక మెట్టయితే, మట్టి కూజాల యావ దానికి పై మెట్టు. మెరుపు పూత వెయ్యని మట్టి కూజా మనకి టీ ఇవ్వడానికే కాదు, తాను టీ తాగడానికి కూడా పుట్టింది. మనం ఒక గుక్క తాగితే అది ఒక చుక్క తాగుతుంది. రోజూ ఒకే రకం టీ దాంట్లో కాస్తూ, సబ్బన్నది దరిదాపులకి రానివ్వకుండా వట్టి వేణ్ణీళ్ళతో తొలుస్తూ పోతే, కొన్నాళ్ళకి ఆ మట్టి రుచి మరుగుతుంది. నీళ్ళు మరగడం అందరికీ తెలిసిందే. మట్టి మరగడం టీ పిచ్చివాళ్ళకే తెలుసు. దీన్ని వాళ్ళు "పెంచడం" అంటారు. "మీ కూజా ఎంతవరకు పెరిగింది?" అని ఒకరినొకరు అడుగుతుంటే పక్కనున్నవాళ్ళు టేపు కోసం వెతుకుతారు.

చిక్కల్లా ఏమిటంటే, డాక్టరుగారికి కూజాలు బోలెడు, కడుపు ఒక్కటి. పచ్చాకు టీకొక కూజా, నల్లాకు టీకొక కూజా, పొగవాసన టీకొకటి, పూలవాసన టీకొకటి. అన్నింటికీ రోజుకో విడత టీ పట్టాలంటే, పేషెంటు నోట్లో దూది కుక్కి మాటిమాటికీ బాత్రూముకి పరిగెత్తాల్సి వస్తోంది. అందుకని అన్నింటికన్నా ఆఖరున వచ్చిన గోధుమరంగు కూజాని పెంపకానికిచ్చేశాడు.

ఈ పెంపకం టీ జనాల్లో మామూలే. తాగే తీరిక లేనివాడు, తాగే ఓపికున్నవాడికి కూజాని అప్పగిస్తాడు. పెరిగి పెద్దదయ్యాక తెచ్చుకుంటాడు. డాక్టరుగారు ఎంచుకున్న పెంపుడు తండ్రి స్వయానా బామ్మర్ది, అంటే ఇల్లాలి తమ్ముడు. బజార్లో తాళాల కొట్టు అతనిది. పోయిన తాళంచెవులకి మారు చెవులు చేస్తాడు, గడియ పడి లోపల తాళలేకపోతున్నవాళ్ళని బయటికి తీస్తాడు, మిగతా పొద్దంతా కొట్లో కూర్చునుంటాడు. మధ్యాహ్నం అక్క అన్నం డబ్బా పట్టుకెళ్ళి, తమ్ముడు తినేదాకా అక్కడే ఉండి వస్తుంది. కూర్చునే పని, పక్కనే పొయ్యి, పైగా ఇంటి మనిషి. ఇంతకన్నా మంచి సంబంధం ఏ కూజాకి దొరుకుతుంది?

"పొగవాసన టీ ఒక్కటే పొయ్యాలి. చచ్చినా ఇంకోటి పొయ్యకూడదు. ఒట్టెయ్యి," అన్నాడు డాక్టరు, కూజాని చేతుల్లో పెడుతూ.

"ఒట్టు బావా."

"మూత పగిలిందో, నీ ముందు పళ్ళు పీకేస్తా."

"ఫీజు లేకుండానేగా?"

ఆ తర్వాత ఎప్పుడు ఫోను చేసి "పిల్ల ఎలా ఉందిరా?" అని అడిగినా "నిగనిగలాడుతోంది బావా" అనేవాడు బామ్మర్ది. డాక్టరు పొంగిపోయేవాడు. పాలు పొంగితే పొయ్యి ఆపొచ్చు, డాక్టరు పొంగితే ఆపేదెవరు?

అంత పొంగడానికి కారణం ఉంది. ఆ గోధుమరంగు కూజా చేసిన ముసలావిడని అందరూ కూజాలమ్మ అంటారు. పేరులో అమ్మ ఉంది గనక అమ్ముతుందనుకునేరు. ఓ పట్టాన అమ్మదు. మొదటి కూజా ఎవరికైనా ఇస్తుంది. రెండోది కావాలంటే మొదటిదాన్ని వెంట తీసుకెళ్ళాలి. ఆవిడ దాంట్లో వట్టి వేణ్ణీళ్ళు పోసి, మూతపెట్టి, కాసేపాగి, తెల్ల కప్పులోకి వంపి తాగి చూస్తుంది. నీళ్ళు నీళ్ళలాగే ఉంటే "ముందు దీన్ని పెంచుకురండి" అని పంపేస్తుంది. నీళ్ళలో రుచి పలికితే, అప్పుడే బట్టీలోంచి తీసిన వాటిలో ఒకటి ఎంచుకోమంటుంది. అదీ మనిషికొక్కటే. పైగా ఆవిడ దగ్గరికి తెచ్చే పొద్దున కూజా మూత ఎవరూ తియ్యకూడదు. లోపలి ఊపిరి మొదట ఆవిడ ముక్కుకే తగలాలి.

కిందటిసారి ఊరికే చూసిపోదామని వెళ్ళినప్పుడు, నీడన ఆరబెట్టిన పచ్చి కూజాల మధ్య డాక్టరుగారికి ఒకటి కనిపించింది. నిమ్మకాయంత ఒళ్ళు, దానిమ్మ మొగ్గలాంటి మూత, చిలకముక్కులాంటి కొమ్ము. అంతే. ఆ పూట నించి ఆయన మనసు ఆయన దగ్గర లేదు. పేషెంటు నోట్లో చిన్నద్దం పెట్టి చూస్తుంటే దవడపన్ను వెనక చిలకముక్కు కనిపించేది. ఒక పెద్దమనిషిని కుర్చీలో పడుకోబెట్టి, పుచ్చిన పన్ను సంగతి మరిచిపోయి, "మీ కొమ్ము ఎంత తీరుగా ఉందండీ!" అనేశాడు. ఆ పెద్దమనిషి పన్ను పట్టుకుని వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు.

ఆ చిలకముక్కు దక్కాలంటే గోధుమరంగు పిల్ల నెగ్గాలి. అదీ సంగతి.

బట్టీ తెరిచే రోజు రానే వచ్చింది. బామ్మర్ది తన పాత వ్యాను తెచ్చి గుమ్మం ముందు ఆపాడు. కూజా తువ్వాలులో చుట్టి ముందు సీటు మీద ఉంది. డాక్టరు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, "బట్టీలో కూడా టీ ఉంది, గమనించావురా?" అంటూ బయటికొచ్చాడు. బామ్మర్ది నవ్వలేదు. డాక్టరు జోకులకి నవ్వకపోతే పోనీ, కనీసం మూలిగేవాడు. ఇవాళ అదీ లేదు.

అప్పుడు ఇల్లాలు చెప్పులేసుకుని వచ్చింది. "నేనూ వస్తాను."

"ఎక్కడికే?"

"మీరు వెళ్ళేచోటికే."

డాక్టరు నోరు తెరిచాడు, ఎవరూ అడక్కుండానే. పెళ్ళయినప్పటి నించీ ఎన్నిసార్లు రమ్మన్నా "నాకేం తెలుస్తుందండీ, మీరు వెళ్ళిరండి" అన్న మనిషి. "సరే, ఎక్కు. నీకూ కూజాల మీద మోజు పుట్టిందన్నమాట," అన్నాడు. ఆవిడ ముందు సీట్లో కూర్చుని కూజాని ఒళ్ళోకి తీసుకుంది. బామ్మర్ది అక్క వంక చూశాడు. అక్క రోడ్డు వంక చూసింది.

"మూత తియ్యలేదుగా?" వెనకనించి అడిగాడు డాక్టరు.

"లేదు బావా."

"రోజూ పట్టావా?"

"రోజూ... పట్టడం జరిగింది బావా." బామ్మర్ది ఎందుకో గేరు మార్చాడు. వ్యాను దగ్గింది.

"నువ్వేమిటే, పసిబిడ్డని పట్టుకున్నట్టు పట్టుకున్నావు?"

"పడిపోతుందేమోనని." ఆవిడ బొటనవేలు తువ్వాలు మీదనించే మూత గుండీని మెల్లగా రాస్తోంది. డాక్టరు చూశాడు గాని, ఆయన బుర్రంతా అప్పటికే చిలక ఎత్తుకుపోయింది.

కూజాలమ్మ షెడ్డు ఊరి చివర. ఒక మూల కుమ్మరి సారె, ఒక మూల తడి మట్టి మీద గోనెపట్టా, వెనక ఇంకా వెచ్చగా ఊపిరి వదులుతున్న బట్టీ. గోడ పొడుగునా చెక్క అరల మీద కొత్త కూజాలు. డాక్టరు లోపలికి అడుగుపెడుతూనే వెతికాడు. రెండో అరలో, కుడివైపు, కాలి ఎరుపెక్కి, అదిగో! చిలకముక్కు. పచ్చిగా ఉన్నప్పుడు అందంగా ఉందనుకున్నాడు. కాలాక చూస్తే కాలు నిలవలేదు.

అప్పటికే ఫిడేలు మాస్టారు వచ్చి కూర్చునున్నాడు. పిల్లలకి ఫిడేలు నేర్పుతాడు, డాక్టరుతో టీ పంతాలు పడతాడు. ఆయన కూజా అద్దంలా మెరుస్తోంది. చూసి డాక్టరు గుండె కొంచెం జారింది.

"ఏం డాక్టరూ, ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకొచ్చారు, మోసుకుపోవడానికా, ఓదార్చడానికా?"

"మీకు రుమాలు సరిపోదేమోనని మాస్టారూ, మా వాళ్ళని తెచ్చాను."

కూజాలమ్మ పొయ్యి మీది గిన్నె దించి ముందు మాస్టారి కూజా అందుకుంది. మూత తీసి వాసన చూసింది. నీళ్ళు పోసి మూతపెట్టి ఆగింది. వంపింది. ఒక గుక్క తాగి కప్పు కింద పెట్టింది.

"నీళ్ళు," అంది.

"ఏమిటి తల్లీ?"

"వట్టి నీళ్ళు నాయనా. పైన బాగా తుడిచావు. లోపల ఎవరూ కాపురం లేరు. ఎన్నిసార్లు తాగావు దీంట్లో?"

"రోజూ పట్టుగుడ్డతో రుద్దానమ్మా! తాగితే మరకలు పడి మెరుపు పోతుందని..." మాస్టారి గొంతు తీగ తెగినట్టు ఆగిపోయింది.

డాక్టరుకి జాలి వెయ్యాల్సింది. వెయ్యలేదు. "రాగం బాగానే తీశారు మాస్టారూ, తాళమే లేదు. ఇదిగో, మా తాళాలవాడి చేతి పెంపకం చూడండి," అని బామ్మర్ది భుజం మీద గట్టిగా చరిచాడు. బామ్మర్ది ఆ దెబ్బకి సగం కిందికి దిగాడు, మళ్ళీ లేవలేదు.

ఇల్లాలు తువ్వాలు విప్పి కూజాని ముసలావిడ చేతికిచ్చింది. కూజాలమ్మ మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. కనుబొమలు పైకి లేచాయి. ఒకసారి కూజా వంక, ఒకసారి డాక్టరు వంక చూసి, మళ్ళీ వాసన చూసింది. డాక్టరు మాస్టారి వైపు కన్నుకొట్టాడు.

నీళ్ళు పోసింది. మూతపెట్టింది. వంపింది. తెల్ల కప్పులో నీళ్ళు తేనెరంగులో ఉండాలి. కొంచెం ముదురుగా వచ్చాయి. పొగవాసన టీ కదా, పొగ పట్టి ఉంటుందిలే అనుకున్నాడు డాక్టరు. ముసలావిడ ఒక గుక్క తాగింది. ఇంకో గుక్క తాగింది. తాగి కూడా కప్పు కింద పెట్టలేదు.

"డాక్టరుబాబూ, దీంట్లో కాచిందేమిటి?"

"పొగవాసన టీ అమ్మా! అదొక్కటే! ఇంకో ఆకు దాని మొహం చూడలేదు!"

"అయితే మీరూ ఓ గుక్క తాగండి."

డాక్టరు రెండు చేతులా కప్పు అందుకున్నాడు. టీ వాసన చూసేటప్పుడు కళ్ళు మూసుకోవడం ఆయనకి అలవాటు. కళ్ళు మూసుకుని, గుండెల నిండా పీల్చి...

కళ్ళు తెరిచాడు. మళ్ళీ మూశాడు. మళ్ళీ పీల్చాడు. ముక్కు అబద్ధం చెబుతోందేమోనని నాలికని సాక్ష్యానికి పిలిచాడు. నాలిక కూడా అదే మాట చెప్పింది.

"కాఫీ," అన్నాడు.

పైకి అన్నాడో లోపలే అనుకున్నాడో ఆయనకే తెలియదు. చెవుల్లో డ్రిల్లు తిరుగుతున్న చప్పుడు. పన్ను మొద్దుబారడానికి సూది వేస్తే పేషెంట్లకి ఎలా ఉంటుందో ఆయనకి మొదటిసారి మొహమంతా తెలిసింది. మట్టి కూజాలో కాఫీ! ఒక్కసారి పోస్తేనే కూజా చెడిందంటారు. ఇది ఒక్కసారి పోసిన వాసన కాదు. రోజూ, తీరిగ్గా, ప్రేమగా పోసిన వాసన.

"కాఫీయా!" ఫిడేలు మాస్టారు కుర్చీతో సహా వెనక్కి జరిగాడు, కప్పులోంచి పాము తల ఎత్తినట్టు.

డాక్టరు మెల్లగా బామ్మర్ది వైపు తిరిగాడు. "ఒరేయ్... నా కూజాలో... కాఫీ..."

"నేనే బావా. నేనే తాగాను. తప్పయిపోయింది. మాఫీ చెయ్యి బావా."

"కాఫీకి మాఫీ ఏమిట్రా! పొగవాసన టీ పొట్లం పొట్లంగా ఇచ్చానుగదరా! అదేం చేశావు?"

"ఎదురు కొట్టువాళ్ళకి పంచాను బావా. వాళ్ళకి బాగా నచ్చింది. రోజూ నిన్ను తలుచుకుంటారు."

"నీ తాళాల కొట్టుకి తాళం పడ! నీ అంగిట్లో..."

"వాణ్ణేమీ అనకండి," అంది ఇల్లాలు.

మెల్లగానే అంది.

"వాడికి కాఫీ పడదు. తాగితే నిద్ర పట్టదు వాడికి. ఆ కూజాలో తాగింది నేను."

డాక్టరు నవ్వాడు. నవ్వాలనిపించి కాదు, మొహానికి ఇంకేం చెయ్యాలో తెలియక. "నువ్వా? నువ్వు కాఫీ తాగవుగదే. నీకు టీ అంటే ప్రాణంగదా."

"ఎవరు చెప్పారు?"

"నువ్వే! మొట్టమొదట మాట్లాడుకున్నప్పుడు అడిగాగా, టీ అంటే ఇష్టమేనా అని. ఇష్టమే అన్నావు!"

"కొత్తమనిషి, కళ్ళింతలు చేసుకుని అడిగితే ఏమంటాను? ఇష్టమే అన్నాను. మర్నాడు మీరు కప్పు పట్టుకొచ్చారు. ఆ మర్నాడు ఇంకోటి. ఒకసారి ఇష్టమే అన్నాక, అది వెనక్కి తీసుకోవడం ఎలాగో నాకు చాతకాలేదు. ఇల్లంతా టీ అయిపోయింది. కాఫీ పొడి డబ్బా పెడితే కూజాలకి వాసన పడుతుందన్నారు. సరే అన్నాను. మధ్యాహ్నం వీడికి అన్నం తీసుకెళ్ళినప్పుడు అక్కడ పెట్టుకుని తాగేదాన్ని. మొదట్లో స్టీలు గ్లాసులో తాగాను. తర్వాత మీరు ఈ కూజా పంపారు." ఆవిడ కూజా వంక చూసింది. "ముచ్చటగా ఉంది. చేతిలో ఇమిడింది. వాడు వద్దక్కా, బావ చంపేస్తాడన్నాడు. ఒక్కరోజు అన్నాను. ఆ ఒక్కరోజు ఇలా అయింది."

"మరి రోజూ సాయంత్రం నేనిచ్చిన టీ?"

"తాగాను."

"బాగుందనేదానివి!"

"అనేదాన్ని."

డాక్టరు పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు. అది స్టూలు కాదు, తిరగేసిన మట్టి తొట్టి. అదీ గమనించలేదు. కొండ మీది ఆకు టీ పోస్తే బాగుందండీ. చలికాలపు మొదటి కోత టీ పోస్తే బాగుందండీ. ఒకసారి పొరపాటున క్లినిక్కు సీసాలో తెచ్చిన నీళ్ళతో కాస్తే లవంగనూనె కంపు కొట్టింది, ఆయనే సింకులో పారబోశాడు. ఆవిడ అప్పటికే మొత్తం తాగేసి బాగుందండీ అంది. ఆ రోజైనా అనుమానం రావాలిగదా! రోజుకి పదిమంది నోళ్ళలోకి లైటు వేసి చూసే మనిషి. పక్కనున్న నోట్లో ఏముందో ఇన్నేళ్ళూ చూడలేదు.

"ఇదంతా మీ ఇంటి గొడవ. మీరు మీరు చూసుకోండి," అంది కూజాలమ్మ, డాక్టరు చేతిలోంచి కప్పు అందుకుని మిగిలింది తాగేసి. "నాకు కావలసింది ఒక్కటే. ఈ కూజాలో రోజూ ఎవరో ఇష్టంగా తాగారు. నా చేతి కూజా ఇంతలా పెరగడం ఈ మధ్యన చూళ్ళేదు. టీయే పొయ్యాలని నేనెవరికీ చెప్పలేదే! కొత్తది ఈ అమ్మాయిది. రా తల్లీ, ఎంచుకో."

"ఆఁ?" అన్నాడు ఫిడేలు మాస్టారు. ఆ ఒక్క అక్షరాన్ని ఆయన మూడు స్థాయిల్లో పలికించాడు.

డాక్టరుకి మాత్రం కూలబడ్డచోటే ప్రాణం లేచొచ్చింది. సిగ్గులేని మాట గాని చెప్పక తప్పదు. కాఫీ, మోసం, ఇన్నేళ్ళ బాగుందండీలు, అన్నీ ఒక్క క్షణం ఆవిరైపోయాయి. ఆవిడ ఎంచుకుంటుంది! ఆవిడదైతే ఇంటికే వస్తుంది! రెండో అర, కుడివైపు!

ఇల్లాలు అరల ముందుకి వెళ్ళి నిలబడింది. కాసేపు చూసి వెనక్కి తిరిగింది. "ఏవండీ, ఏది తీసుకోమంటారు? మీకేది కావాలో చెప్పండి, అదే తీసుకుంటాను."

డాక్టరు లేచాడు. వేలు కూడా లేచింది. "అదే, ఆ రెం..." అనబోయి ఆవిడ మొహం చూశాడు.

ఏమీ లేదు ఆ మొహంలో. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అడుగుతోంది. ఆయన చిలకముక్కు అంటే చిలకముక్కు పట్టుకుని ఇంటికొస్తుంది. అడిగితే బాగుందంటుంది. మొట్టమొదటి రోజు "ఇష్టమే" అన్నప్పుడు కూడా ఈ మొహమే అయి ఉంటుంది. అప్పుడు ఆయన చూసింది మొహాన్ని కాదు, ఆవిడ చేతిలో కప్పుని.

వేలు గాల్లో అలాగే ఉండిపోయింది. పక్కనించి బామ్మర్ది, "చెప్పు బావా, చెప్పేయ్, అక్క ఏమీ అనుకోదు," అని గుసగుసలాడాడు. ఆ మాటే ఆయన నెత్తిన గట్టిగా తగిలింది. అనుకోదు. అదేగదా వచ్చిన చిక్కు.

వేలు దించడానికి పడ్డంత అవస్థ ఆయన ఏ జ్ఞానదంతం పీకేటప్పుడూ పడలేదు. "తాగేది నువ్వు. నువ్వే చూసుకో," అన్నాడు. అని కళ్ళు మూసుకున్నాడు, చూడలేక.

ఒక్క క్షణమైనా ఆలోచిస్తుందనుకున్నాడు. కనీసం చిలకముక్కు వైపు ఒక్కసారైనా చెయ్యి చాపుతుందనుకున్నాడు. కళ్ళు తెరిచేసరికి ఆవిడ అరలన్నీ దాటి సారె పక్కకి వెళ్ళిపోయింది. అక్కడ ముసలావిడ కుంచెలు, పుల్లలు గుచ్చిపెట్టుకున్న లోటా ఒకటుంది. లావుపాటిది, వంకర మూతిది, నాలుగు వేళ్ళూ దూరేటంత పిడి ఉన్నది.

"ఇదిస్తారా?"

"అది ఎంచుకోవడానికి పెట్టింది కాదమ్మా! కుంచెలకని చేశాను."

"నాకిదే కావాలి. మా ఇంట్లో కప్పులన్నీ రెండు వేళ్ళతో పట్టుకునేవే. ఒక్కదానిలోనూ నాలుగు గుక్కలు పట్టవు."

కూజాలమ్మ నవ్వుతూ కుంచెలన్నీ బల్ల మీద గుమ్మరించి, లోటా కడిగి ఇచ్చింది. డాక్టరు తెల్లబోయి చూశాడు. చిలకముక్కు పక్కనుండగా, కుంచెల లోటా! ఫిడేలు మాస్టారు మెల్లగా దగ్గరికొచ్చి, తన గాయం తాను మరిచిపోయి, డాక్టరు భుజం మీద చెయ్యి వేశాడు. నోటి చివర ఏ వెటకారమూ లేదు. అది చూస్తే ఇంకా భయమేసింది.

డాక్టరు ఆ చెయ్యి తీసేసి పొయ్యి దగ్గరికి నడిచాడు. ఎందుకు నడుస్తున్నాడో సగం దూరం వెళ్ళేదాకా ఆయనకే తెలియలేదు.

"అమ్మా, ఈ పొయ్యి కాసేపు వాడుకోవచ్చా?" అని, ఇల్లాలి వైపు చూడకుండానే, "కాఫీ... అదెలా కాస్తారు?" అన్నాడు.

ఇల్లాలు చేతిలో లోటాని పొయ్యి పక్కన పెట్టేసింది.

"బావా, నీకేమైనా అయిందా?" అన్నాడు బామ్మర్ది.

"నోరు మూసుకోరా. పొడి కావాలి. ఇక్కడ పొడి ఎక్కడ దొరుకుతుంది?"

ఇల్లాలు చేతిసంచీ తెరిచి చిన్న రేకు డబ్బా తీసింది. ఆ డబ్బాని ఆయన ఎన్నేళ్ళుగానో ఎరుగును. పళ్ళపొడి అనుకున్నాడు! పళ్ళ డాక్టరు భార్య అంటే ఇలా ఉండాలి, బయటికెళ్ళినా పళ్ళపొడి వెంట ఉండాలి అని పేషెంట్లకి చెప్పి గర్వపడ్డాడు కూడా.

"రెండు చెంచాలు వెయ్యండి. నీళ్ళు పోసి మూతపెట్టండి."

డాక్టరు గోధుమరంగు కూజాలో రెండు చెంచాల కాఫీ పొడి కొలిచి వేశాడు. ఫిడేలు మాస్టారు అటు తిరిగి నిలబడ్డాడు. నీళ్ళు పోసి, మూతపెట్టి, అలవాటు చొప్పున చేతి గడియారం పైకెత్తాడు.

"గడియారం ఎందుకండీ? వాసన రాగానే వంపేయడమే."

వాసన వచ్చింది. ఒప్పుకోకూడదు గాని, అంత చెడ్డగా లేదు. లోటాలోకి వంపాడు. లోటా సగం కూడా నిండలేదు. మళ్ళీ నీళ్ళు పోసి వంపాడు. "చక్కెర?" అన్నాడు, అందరి ముందూ. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి, కొత్తగా వచ్చిన చుట్టాన్ని అడిగినట్టు.

"మూడు చెంచాలు."

"మూడా!"

అరిచిన అరుపుకి పైకప్పు మీది పక్షి ఏదో లేచిపోయింది. రోజుకి ఎంతమందికి చెబుతాడు చక్కెర జోలికి పోవద్దని! గోడల మీద బొమ్మలు కూడా వేయించాడు. సొంత ఇంట్లో, సొంత పక్కలో, మూడు చెంచాలు!

ఆవిడ చూస్తూ నిలబడింది. డాక్టరు కూజాలమ్మ అందించిన చక్కెర డబ్బాలోంచి ఒక చెంచా వేశాడు. రెండోది వేశాడు. మూడో చెంచా గాల్లో ఆగింది, దాంట్లో ఒక్కో పలుకూ ఒక్కో పుచ్చుపన్నులా కనిపించింది. అయినా వేశాడు. కలిపి, లోటా పిడి ఆవిడవైపు తిప్పి అందించాడు.

ఆవిడ నాలుగు వేళ్ళూ పిడిలో దూర్చి పట్టుకుని, ఊదుకుని, పెద్ద గుక్క తాగింది. షెడ్డులో అందరూ ఆవిడ మొహమే చూస్తున్నారు.

"నీళ్ళనీళ్ళగా ఉందండీ," అంది. "ఇంత లోటాకి రెండు చెంచాల పొడి చాలదు. రెండోసారి నీళ్ళు పోసేటప్పుడు ఇంకాస్త పొడి వెయ్యాలి."

ఆవిడ నోట "బాగుందండీ" కాని మాట డాక్టరు వినడం ఇదే మొదలు.

ఆయన వంగి రేకు డబ్బా మూత తీశాడు.

"ఒకటా, రెండా?" అన్నాడు.